మూసిన కవరులో వేలంపాట

‘అప్‌గ్రేడ్’ అనే మాటకు సరైన తెలుగు మాట ఇంకా కుదురుకోలేదు. ‘ఉన్నతీకరణ’ అంటే ప్రాథమిక పాఠశాలను ఉన్నత పాఠశాలగా మార్చిన సర్కారు ఉత్తర్వు ఏదో గుర్తుకొస్తుంది. నా మటుకు నాకు ‘మెట్టెక్కింపు’ నచ్చుతుంది. అయితే ఇక్కడ మన వ్యాకరణం ఒక హెచ్చరిక చేస్తున్నది. ఎక్కించడం వేరు, ఎక్కించుకోవడం వేరు. ముసలమ్మను చెయ్యి పట్టుకుని బస్సు ఎక్కిస్తాము. అందులో మేలు ఆమెది. జట్కావాడు మనలను బండిలో ఎక్కించుకుంటాడు. అందులో మేలు ముందుగా అతడిది. ‘కొను’ అనే ఆ చిన్న మాట లాభం ఎవరిదో చెప్పేస్తుంది. విహారనౌకల కంపెనీలు ప్రయాణానికి ముందు చివరి రోజులలో చేసే మెట్టెక్కింపు మొదటి రకానిదని నమ్మేవారు, నమ్మించేవారు ఎక్కువయ్యారు. అది రెండవ రకానిదని, అందులోనూ కిరాయి ఎంతో ముందుగా చెప్పని బండి వంటిదని నా వాదం.

ఈ సంగతితో మనకేమి పని అనుకునేవారికి ఒక మాట. డల్లాస్, హ్యూస్టన్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు గాల్వెస్టన్ రేవు కారులో వెళ్ళగలిగిన దూరమే. అమ్మానాన్నలు ఆర్నెల్లకు అమెరికా వస్తే నయాగరాతో పాటు నౌకావిహారం కూడా వారికి చూపించవలసిన వాటిలో చేరింది. హైదరాబాదు నుంచి సింగపూరు వెళ్ళి అక్కడ నౌక ఎక్కేవారూ ఉన్నారు. 2022లో విశాఖపట్నం నుంచే ఒక విహారనౌక పుదుచ్చేరి, చెన్నైల వైపు నడిచింది. 2023లో అక్కడి రేవులో ఇటువంటి నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభమయింది. ఒకప్పుడు కాకినాడ, విశాఖల నుంచి రంగూను వెళ్ళిన మన కూలీలు డెక్కు మీద పడుకుని సముద్రం దాటారు. నేటి తరం బాల్కనీ గదికి ఎంత పాడాలా అని తర్జనభర్జన పడుతున్నది. సంతోషమే. ఆ పాట ఎటువంటిదో తెలుసుకుని పాడితే ఇంకా సంతోషం.

విహారనౌకలో గదులు స్థూలంగా నాలుగు తరగతులు: కిటికీ లేని లోపలి గది, సముద్రం కనిపించే కిటికీ గది, బాల్కనీ గది, వాటన్నిటి పైన సూట్ అని పిలిచే విశాలమైన గదులు. ప్రయాణం దగ్గర పడుతుండగా, అప్పటికే గదికి డబ్బు కట్టిన మనిషికి ఒక ఈమెయిలు వస్తుంది. పై తరగతి గది ఖాళీగా ఉంటే దానికోసం అదనంగా ఎంత ఇవ్వగలరో చెప్పమని దాని సారాంశం. రాయల్ కరీబియన్ వారు ఈ ఏర్పాటుకు ‘రాయల్ అప్’ అని, నార్వీజియన్ వారు ‘అప్‌గ్రేడ్ అడ్వాంటేజ్’ అని పేరు పెట్టుకున్నారు. ఇటువంటి ఏర్పాట్లను నౌకలకూ విమానాలకూ అమర్చిపెట్టే ప్లస్‌గ్రేడ్ అనే కంపెనీ మాంట్రియల్ నగరంలో ఉంది. కనీసపు పాట ఎంతో కంపెనీయే నిర్ణయిస్తుంది. పాట నెగ్గితే మీ కార్డులోంచి డబ్బు పోతుంది, మరి తిరిగి రాదు. నెగ్గిందీ లేనిదీ తెలిసేసరికి ఒక్కొక్కసారి ప్రయాణానికి రెండు రోజులే మిగులుతాయి.

దీని వెనుక లెక్క తెలియనిదేమీ కాదు. నౌక కదిలాక ఖాళీ గది విలువ సున్న. సంత ముగిశాక మిగిలిన ఆకుకూర వంటిది. 1972లోనే బి.ఓ.ఎ.సి. అనే బ్రిటిష్ విమానసంస్థలో పనిచేసిన కెన్ లిటిల్‌వుడ్, సీటును ఇప్పుడే చవకగా అమ్మాలా, రేపు ఎక్కువ ఇచ్చేవాడి కోసం అట్టిపెట్టాలా అన్న ప్రశ్నకు ఒక సూత్రం కట్టాడు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అదే ఆలోచనను పెద్ద ఎత్తున అమలుచేసి, చవక టికెట్ల పోటీదారులను చవక టికెట్లతోనే ఎదుర్కొన్నది. నౌకలవారు ఆ విద్యను నేర్చుకుని దానికి ఇంకొక మెలిక చేర్చారు. లోపలి గదులకు గిరాకీ ఉండి, బాల్కనీ గదులు మిగిలిపోయాయనుకోండి. లోపలి గదిలోని దంపతులను డబ్బు పుచ్చుకుని బాల్కనీకి పంపితే, ఆ లోపలి గదిని ఇంకొకరికి అమ్ముకోవచ్చు. ఆ వచ్చినవారు నౌక మీద తాగే పానీయాలకు, ఆడే జూదానికి, దిగి చూసే ఊళ్ళకు మళ్ళీ వేరే ఖర్చు పెడతారు. ఒక్క కదలికకు ఇన్ని రాబడులు. వెనుకటి రోజులలో ఇదే సర్దుబాటును కొందరికి ఊరకే చేసేవారు. నౌకాప్రయాణాల అభిమానులు దానికి ‘అప్‌గ్రేడ్ ఫెయిరీ’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, ఏదో వనదేవత వచ్చి వరమిచ్చినట్లు. ఇప్పుడు ఆ దేవత వరానికి వెల ఎంతో మనలనే వ్రాయమంటున్నది.

అమ్ముకోవడం నాకు అభ్యంతరం కాదు. వ్యాపారి వ్యాపారం చేస్తాడు. తరగతుల తేడా ఉండడమూ నాకు అభ్యంతరం కాదు. ఎక్కువ ఇచ్చినవాడికి బాల్కనీ రావడం న్యాయమే. నా అభ్యంతరమంతా వేలం మూసిన కవరులో జరగడం మీద.

మన భాషలో దానిని వేలం‘పాట’ అన్నారు. పాట అంటే పదిమందికీ వినబడవలసినదే. బాలాపూర్ గణపతి లడ్డూ వేలం 1994లో 450 రూపాయలతో మొదలయింది. 2024 నాటికి 30 లక్షలు దాటింది. ఆ అంకె మీద మీకు ఎన్ని అభిప్రాయాలైనా ఉండవచ్చు. కాని పాడినవాడికి తన పక్కవాడు ఎంత పాడాడో తెలుసు, తాను ఎక్కడ ఆగాలో తెలుసు, ఓడితే ఎవరి చేతిలో ఓడాడో తెలుసు. నౌకవారి వేలంలో ఇవేవీ తెలియవు. ఎన్ని గదులు ఖాళీగా ఉన్నాయో చెప్పరు. ఎంతమంది పాడుతున్నారో చెప్పరు. నౌక వెళ్ళిపోయాక కూడా ఏ పాటకు ఏ గది దక్కిందో చెప్పరు. పోటీ ఉన్నదో లేదో తెలియనివాడు చివరకు ఎవరితో పోటీ పడతాడు? తనతోనే. 200 డాలర్లు చాలునా, 300 వ్రాయాలా అని రాత్రి పడకలో దొర్లేవాడు తన నిన్నటి పాటమీద తానే హెచ్చుపాట పాడుకుంటున్నాడు.

పైగా అంకె వ్రాసేచోట ఒక సూచిక కనిపిస్తుంది. తక్కువ వ్రాస్తే బలహీనమని, పెంచితే బలమైనదని ముల్లు కదులుతుంది. ఆ ముల్లు కదిపేది ఎవరు? అమ్మేవాడే. తూకం తనదే, సరుకు తనదే, ‘ఇంకొంచెం వేస్తే బాగుంటుందండీ’ అనే సలహా కూడా తనదే. అటువంటి దుకాణంలో మన పెద్దలైతే పప్పు కూడా కొనేవారు కాదు.

మూసిన వేలమైనా న్యాయంగా నడిపే పద్ధతి లేకపోలేదు. విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రవేత్త 1961లోనే దానిని వివరించాడు. ఆయనకు 1996లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పద్ధతిలో అందరికన్నా ఎక్కువ పాడినవాడికే సరుకు దక్కుతుంది, కాని అతడు చెల్లించేది తన అంకె కాదు, తన తరువాతివాడి అంకె. అప్పుడు ఎవరైనా తమ మనసులో ఉన్న విలువను నిర్భయంగా వ్రాయవచ్చు. ఎక్కువ వ్రాసినందుకు శిక్ష ఉండదు. నౌకవారు ఎంచుకున్నది దీనికి విరుద్ధమైనది. మీరు ఎంత వ్రాస్తే అంతా వసూలు. ఒక్కరే పాడినా అంతే. కంప్యూటరుకు రెండు పద్ధతులూ సమానమే. ఎంపిక చేసింది మనుషులు.

ఇక చిన్న అక్షరాలలో వ్రాసిన సంగతులు. మీరు వ్రాసే అంకె మనిషికి, గదికి కాదు, ఇద్దరికి లెక్క. 250 అని వ్రాస్తే 500 పోతాయి. గదిలో ఒక్కరే ఉన్నా సాధారణంగా ఇద్దరి లెక్కనే చెల్లించాలి. సూట్ దక్కితే సేవకుల కోసం రోజువారీగా వసూలుచేసే మొత్తం కూడా చాలా నౌకలలో పెరుగుతుంది. గది ఎక్కడిదో ఎంచుకునే హక్కు మీకు ఉండదు. సముద్రపు కుదుపు పడనివారు నౌక నడిమిభాగంలో, కింది అంతస్తులో ఏరికోరి గది తీసుకుంటారు, అక్కడ ఊపు తక్కువ కనుక. పాట నెగ్గిన పుణ్యానికి వారు పైఅంతస్తులో, నౌక ముందుకొమ్మున తేలవచ్చు. అమ్మానాన్నలకు ఒక గది, తమకు దాని పక్కగది తీసుకున్న కుటుంబం రెండింటికీ పాడితే, ఒకటే నెగ్గవచ్చు. మోకాళ్ళ నొప్పుల తల్లి ఒక అంతస్తులో, రాత్రి మందు గుర్తుచేయవలసిన కూతురు ఇంకొక అంతస్తులో. వద్దు, మా పాతగదే మాకు ఇవ్వండి అంటే చెల్లదు. పాత గదిలోకి అప్పటికే ఇంకొకరు వచ్చి ఉంటారు.

దీనిని సమర్థించేవారి మాటలు కూడా విందాము. మొదటి మాట: ఎవరూ బలవంతపెట్టలేదు కదా, ఇష్టం లేకపోతే పాడకండి. నిజమే. కాని పాడనివాడిని కూడా ఈ ఏర్పాటు తాకుతుంది. నెలల ముందు ముచ్చటపడి తీసుకున్న గదిని గురించి, ‘ఇంతకన్నా మంచిది మీకు అక్కరలేదా’ అని పదేపదే అడుగుతారు. కొన్న వస్తువు చేతికి రాకముందే దానిమీద అసంతృప్తి కొనిపించడం ఇది. పాడి ఓడినవాడి సంగతి సరేసరి. తాను డబ్బు కట్టి తీసుకున్న గదిలోకి, తనకు దక్కినది దక్కినట్లుగా కాక, ఓడిపోయిన మనిషిగా అడుగుపెడతాడు. ఆ గదిలో లోపమేమీ లేదు. నిన్నటి దాకా అది పండుగే.

రెండవ మాట: మా స్నేహితుడికి కారుచవకగా సూట్ దొరికింది. దొరికే ఉంటుంది. లాటరీ తగిలినవాడి బొమ్మ దుకాణం ముందు వేలాడుతుంది. తగలనివారి బొమ్మలు వేలాడవు. వెల్లడించని లెక్కలలో ఒకరి అదృష్టం సాక్ష్యం కాదు. మూడవ మాట: విమానాలలోనూ ఇదే ఉంది కదా. ఉంది. రెండుచోట్ల ఉన్నంత మాత్రాన తప్పు ఒప్పవుతుందా?

ఖాళీని పంచడానికి ఇంకొక దారి ఉన్నదని మనకు బాగా తెలుసు. భారతీయ రైల్వేలు 2006లో ఒక పథకం ప్రవేశపెట్టాయి. చార్టు తయారయ్యే వేళకు పై తరగతిలో బెర్తులు మిగిలితే, కింది తరగతిలో పూర్తి ఛార్జీ కట్టినవారిని అదనపు రుసుము లేకుండా కంప్యూటరే అక్కడికి మారుస్తుంది. అలా ఖాళీ అయిన బెర్తు వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి దక్కుతుంది. టికెట్టు తీసుకునేటప్పుడే ఇది కావాలో వద్దో చెప్పవచ్చు. సర్దుబాటు అచ్చంగా నౌకవారు చేసేదే. పైన ఖాళీ, కింద గిరాకీ, మధ్యలో ఒక కదలిక. రైల్వేలకు కూడా దానివల్ల లాభమే, వెయిటింగ్ లిస్టువారి డబ్బు వాపసు ఇవ్వనక్కరలేదు కనుక. తేడా ఏమిటంటే, కదిలినవాడిని అదనంగా పిండలేదు, ఎవరి చేతా మూసిన కవరులో అంకె వ్రాయించలేదు. స్లీపరు టికెట్టుతో ఏ.సి. బెర్తు దక్కిన మనిషి ముఖంలోని ఆశ్చర్యం చూసినవారికి ‘ఎక్కించడం’ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మన రైళ్ళను తిట్టడానికి కారణాలు బోలెడు ఉన్నాయి, కాని ఈ ఒక్క విషయంలో ఖరీదైన నౌకకంటే మన రైలే పెద్దమనిషిలా ప్రవర్తించింది.

నౌకవారు ఊరకే ఇవ్వాలని నేను కోరడం లేదు. ఇవ్వదలిస్తే నియమం చెప్పి ఇవ్వండి. అమ్మదలిస్తే ధర చెప్పి అమ్మండి. ఈ గదికి ఇంత అదనం, కావలసినవారు తీసుకోండి అని. వేలమే వేయదలిస్తే ఎన్ని గదులున్నాయో ముందు చెప్పండి, నెగ్గిన కనీసపు పాట ఎంతో నౌక కదిలాక వెల్లడించండి, దక్కిన గది ఏదో చూపించి ఒప్పుకోవడానికి ఒక్క పూట గడువు ఇవ్వండి. వీటిలో ఏదీ అసాధ్యం కాదు.

అంతవరకు పాడక తప్పదనుకునేవారికి నాలుగు జాగ్రత్తలు. అంకెను రెండింతలు చేసి చూసుకోండి. అదే నౌకలో పై తరగతి గది ఆ రోజు నేరుగా కొంటే ఎంతవుతుందో, మీరు కట్టినదానికీ దానికీ తేడా ఎంతో లెక్కగట్టండి. ఆ తేడాకు దగ్గరగా పాడవలసి వస్తే, పాడడం కంటే గది ఎంచుకుని కొనుక్కోవడం మేలు. చోటు చూసి తీసుకున్న గదైతే, పక్కపక్క గదులైతే అసలు పాడకండి. మనసు మారితే ఒప్పుకోలు రాకముందే పాటను రద్దుచేసుకోండి.

ఈ పద్ధతిని వెనకేసుకొచ్చే మిత్రులు చెప్పదలచినవి ఇంకా ఉంటే తప్పక చెప్పాలి, వినడానికి సిద్ధం. ముందుగా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం ఇచ్చి మిగతావి చెప్పండి. ఆ పాటలో నిజంగా దాచవలసినదేమీ లేకపోతే, నౌక రేవు దాటి వారమైన తరువాత కూడా ఆ కవర్లు ఎందుకు విప్పరు?