రెండు దస్త్రాలు ఒక్కటైనా.. తీరని చిక్కులు

మొగుళ్లపల్లి: భూమి కొన్నా పహాణీలో పేరెక్కేదాకా రైతు కుదుటపడే వీలుండేది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1998 నుంచి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చినా, ఆ వివరాలు తహసీల్దారు కార్యాలయానికి వాటంతట అవి చేరేవి కావు. దస్తావేజు నకలుతో రైతే మ్యుటేషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆ సందులోనే అమ్మిన భూమిని మరొకరికి అమ్మేసిన ఘనులూ లేకపోలేదు.

2020 నవంబరు 2 నుంచి ధరణిలో ఈ ఎడం తొలగింది. సాగు భూములకు మండల కేంద్రంలోనే తహసీల్దారు రిజిస్ట్రేషన్ చేసి, అప్పటికప్పుడే పేరు మార్చడం మొదలైంది. ఇది నిస్సందేహంగా మేలే. అయితే పాత దస్త్రాల్లోని తప్పులూ అంతే వేగంగా అమలయ్యాయి. సర్వే నంబరు పొరపాటున నిషేధిత జాబితాలో పడితే క్రయవిక్రయాలు ఆగాయి. పాసుపుస్తకం రాని రైతుకు రైతుబంధు అందలేదు. అక్షర దోషం దిద్దాలన్నా దస్త్రం భూపాలపల్లి కలెక్టరేట్‌ దాకా వెళ్లాల్సి వచ్చింది.

2025 ఏప్రిల్ 14న ప్రారంభమైన భూభారతి అప్పీలుకు వీలు కల్పించింది. రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతచేయాలన్న నిబంధననూ చట్టంలో చేర్చారు. కాగితంపై విస్తీర్ణానికి, పొలంలోని హద్దుకు తేడా తేలాలంటే సర్వే శాఖ వివరాలు కూడా ఈ వ్యవస్థతో కలవాలి. అంతకుముందు పొలంలో కొలత పడాలి.