పత్తిచేను ఖాతాలో వేయకండి

కష్టాలే కళాకారుణ్ణి చేస్తాయని ఎవరన్నా నాకు అమెరికన్ కంట్రీ గాయకుడు చార్లీ ప్రైడ్ గుర్తొస్తాడు, ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. 1934లో మిసిసిపీలోని స్లెడ్జ్‌లో, పంటలో వాటాకు పరాయి పొలం చేసే నల్లజాతి కుటుంబంలో, పదకొండు మంది పిల్లల్లో ఒకడిగా పుట్టాడు. పత్తి తీశాడు, నల్లవాళ్ల లీగుల్లో బేస్‌బాల్ ఆడాడు, మోంటానాలో సీసం కరిగించే ఫ్యాక్టరీలో ఒళ్లు హూనం చేసుకున్నాడు. పాట నేర్పింది ఇవేవీ కావు. ఇంట్లో తండ్రి పెట్టే రేడియో, అందులో వచ్చే కంట్రీ పాటల కార్యక్రమం గ్రాండ్ ఓల్ ఓప్రీ! తెల్లవాళ్ల సొత్తనుకున్న కంట్రీ సంగీతాన్ని ఆ పిల్లవాడు తనదిగానే విన్నాడు. పక్క సాళ్లలో పత్తి తీసినవాళ్లూ అవే కష్టాలు పడ్డారు కదా. పేదరికం అతనికిచ్చింది ఆలస్యమే: 1966లో తొలి రికార్డు వచ్చేనాటికి ముప్పై దాటాయి. అప్పుడూ, రంగు చూసి పక్కన పడేస్తారని, ఆర్‌సీఏ సంస్థ ఆ పాటల్ని ఫొటో లేకుండానే రేడియో స్టేషన్లకు పంపింది. డెట్రాయిట్ కచేరీలో, రేడియోలో విన్న గొంతుకు మురిసి చప్పట్లు మొదలుపెట్టిన జనం, వేదిక మీద మనిషిని చూడగానే ఆపేశారు. అతను ఆపలేదు, పాడాడు. 1971లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చిన అత్యున్నత పురస్కారం ఆ చెవిది, ఆ నిబ్బరానిది. ఆకలికి అందులో వాటా ఇవ్వడానికి నాకు మనసొప్పదు.