చమురు ఎవరిది? రాజ్యం ఎవరిది?

భూమిలో చమురు పడితే దేశం బాగుపడుద్ది అంటారు. మరి నైజీరియా ఎందుకు బాగుపడలేదు? నార్వే ఎలా బాగుపడింది? 'నల్లోళ్లకి పాలించడం చేతకాదు' అని తేల్చేసే పెద్దమనుషులు మన ఊళ్లల్లోనూ ఉన్నారు. రిజర్వేషన్ మాట ఎత్తితే మనకీ 'చేతకాదు' అనే నోళ్లే అవి. అందుకే ఈ లెక్క మనమే చూసుకుందాం.

నైజీరియాలో 1956లో ఒలోయిబిరి అనే పల్లె దగ్గర షెల్ కంపెనీకి చమురు దొరికింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1960లో. అంటే తెల్లదొరల కాలంలోనే బేరం కుదిరిపోయింది. 1966లో సైన్యం గద్దెనెక్కింది. 1969లో చమురంతా కేంద్ర ప్రభుత్వానిదేనని ఆ సైనిక సర్కారు శాసనం చేసింది. బావులున్న పల్లెల మాట ఎవరు విన్నారు?

సరిగ్గా ఆ 1969లోనే నార్వేకి ఎకోఫిస్క్ దగ్గర సముద్రంలో చమురు దొరికింది. అక్కడా చట్టం అదే, చమురు రాజ్యానిదే. కానీ 1913 నాటికే ఆడవాళ్లకూ ఓటున్న దేశం అది. కార్మిక సంఘాలు గట్టివి. జలపాతాలు కంపెనీల పాలు కాకుండా వందేళ్ల కిందటే చట్టాలు చేసుకున్నారు. ఇవాళ్టికీ వాళ్ల కరెంటులో ఎక్కువ భాగం నీటితో తీసిందే. చమురు లాభాల మీద 78 శాతం పన్ను వసూలు చేస్తారు. 1972లో ప్రభుత్వ కంపెనీ పెట్టారు. 1990లో చమురు నిధికి చట్టం చేశారు. ఇవాళ 55 లక్షల జనం పేర అందులో లక్షన్నర కోట్ల డాలర్లకు పైనే ఉంది.

జనం తక్కువ కాబట్టి తలకి ఎక్కువ వచ్చిందంటారు. నిజమే. కానీ తలవాటా తగ్గితే ఇంటికి దీపం కూడా రాకూడదా? నైజీరియాలో ఎనిమిది కోట్ల మందికి పైగా కరెంటు లేదు. సైనిక పాలకుడు అబాచా దోచి దాచిన డబ్బులో కొంత స్విట్జర్లాండ్ తర్వాత తిరిగి పంపింది. ఒగోనీల నేల సంగతి 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ బయటపెట్టింది. ఒక ఊళ్లో తాగే బావినీళ్లలో బెంజీన్ అనే విషం హద్దుకు 900 రెట్లకు పైగా ఉంది! ఆ ఒగోనీల హక్కులడిగిన రచయిత కెన్ సారో-వివాని, మరో ఎనిమిది మందిని 1995 నవంబర్ 10న ఉరి తీశారు.

చట్టం రెండు చోట్లా ఒకటే. తేడా ఎక్కడుంది? రాజ్యాన్ని నిలదీసే బలం జనానికి ఉందా లేదా, అక్కడుంది. నార్వేలోనూ చిన్న జాతికి పోరు తప్పలేదు. ఫోసెన్ గాలిమరల అనుమతులు సామీ రైన్‌డీర్ కాపరుల హక్కుల్ని కాలరాశాయని 2021లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. అప్పటికే మరలు తిరుగుతున్నాయి.

బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో కీలక పరిశ్రమలు రాజ్యం చేతిలో ఉండాలన్నారు. అదే పత్రంలో మనకు ప్రత్యేక నియోజకవర్గాలూ అడిగారు. ఎందుకని? ఆస్తి రాజ్యానిదైనా, ఆ రాజ్యం కొద్దిమందిదైతే మనకి ఒరిగేది లేదు కాబట్టి.

కోనసీమ గ్యాస్ మన కాళ్ల కిందే పోతోంది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపు పేలి పదుల మంది కాలి చనిపోయారు. గ్యాస్ పోయే ప్రతి ఊళ్లో గ్రామసభకి వెళ్లండి. పైపు ఎక్కడుంది, తనిఖీ ఎప్పుడు చేశారు, ఊరికి వచ్చే వాటా ఎంత, అది వాడకి ఎంత చేరింది అని అడగండి. జవాబు కాగితం మీద రాయించుకోండి. పరిహారం చచ్చాక ఇచ్చేది. వాటా బతికుండగా తీసుకునేది.

జై భీమ్!