ఇల్లలకగానే పండగా?

మా మేనల్లుడు దసరా సెలవులకు వస్తూ నా కంప్యూటరుకు కొత్త గ్రాఫిక్స్ కార్డు పట్టుకు వచ్చాడు. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి గ్రాఫిక్స్ కార్డెందుకని మీరడగవచ్చును. మా ఆవిడా అదే అడిగింది. పాత రికార్డింగుల్లో బరబర శబ్దాన్ని తీసివేసే సాఫ్టువేరుకు అది పనికివస్తుందట.

కార్డు బిగించాము. తెరమీద బొమ్మ వచ్చింది. "అయిపోయిందిరా" అన్నాను.

"ఇల్లలకగానే పండగా మామయ్యా? బయోసులో మెమరీ సంగతి చూడొద్దూ?" అన్నాడు.

బయోసంటే, విండోసు మేలుకోకముందే లేచి, యింట్లో ఎవరెవరున్నారో చూసుకునే పెద్దమ్మ వంటిది. కొత్త కార్డులో 8 జీబీ మెమరీ వున్నది. కాని పాత పద్ధతిలో ప్రాసెసరుకు ఒక్కసారి కనిపించేది అందులో 256 ఎంబీ మాత్రమే. అంటే ముప్పయిరెండో వంతు. గాదె నిండా ధాన్యమున్నా సోలతో కొలుచుకున్నట్టే గదా! ఆ సోలను పెద్దది చేసేది 'రీసైజబుల్ బార్'. 32 బిట్ల చిరునామాలు 4 జీబీతో సరి. ఆ గీత దాటి చోటిచ్చేందుకు 'అబౌవ్ ఫోర్‌జీ డీకోడింగ్' తెరవాలి. పాతకాలపు పద్ధతులను నెగ్గుకొచ్చే 'సీఎస్ఎమ్'ను ఆపాలి.

మూడూ చేశాడు. కంప్యూటరు మళ్ళీ లేచి, బూటు చేసేందుకు డిస్కే లేదు పొమ్మన్నది.

ఆ డిస్కులో 2009లో మా అమ్మచేత పాడించి పట్టిన దంపుళ్ళ పాటలున్నాయి. వేరే చోట నకలు లేదు. అమ్మ కూడా లేదు. నా కాళ్ళలో సత్తువ పోయింది.

కుర్రాడు కంగారుపడి బోర్డుమీది నాణెమంత బ్యాటరీ వూడదీయబోయాడు. వద్దన్నాను. పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ, అతను మార్చిన ప్రతిదానికీ పాతదేమిటో కాగితం మీద రాసుకున్నాను. వరుసగా వెనక్కి వచ్చాము. సీఎస్ఎమ్ తిరిగి పెట్టగానే విండోసు లేచి కూర్చున్నది. అమ్మ గొంతు అక్కడే వున్నది.

జరిగిందేమిటంటే, ఆ డిస్కు వెనకటి కంప్యూటరులోది, 'ఎంబీఆర్' పద్ధతిలో తయారయింది. సీఎస్ఎమ్ లేకపోతే దానిలోంచి విండోసును లేపడం బోర్డుకు చేతకాదు. తలుపు మూతబడింది కాని, యింట్లో సామాను పోలేదన్నమాట. బ్యాటరీ తీసి వుంటే మా అమరికలన్నీ చెరిగి, ఎక్స్ఎంపీతో 3200 వేగాన నడిచే ర్యాము కూడా 2133 దగ్గర చతికిలబడేది.

ముందు పాటలను మరో డిస్కులోకి ఎక్కించాము. ఆ తరువాతే విండోసులో వున్న 'ఎంబీఆర్ టు జీపీటీ' సాధనంతో డిస్కు పద్ధతి మార్చి, సీఎస్ఎమ్ ఆపి, మిగతా రెండూ తెరిచాము. ఈసారి పేచీ లేదు.

ఇంతా చేస్తే, పాటల పనిలో నాకు తేడా ఏమీ కనబడలేదు. లాభమంతా ముఖ్యంగా కొన్ని ఆటలకేనట! కార్డు ఎవరికోసం వచ్చిందో అప్పటికిగాని నాకు బోధపడలేదు.

అయినా వాడిమీద కోపం లేదు. వాడా పని పెట్టకపోతే, అమ్మ పాటలు యీనాటికీ ఒక్క డిస్కునే నమ్ముకుని వుండేవి. మీ యిళ్ళలోనూ అలాంటి గొంతులు వుండే వుంటాయి. బయోసు తెరవడానికి ముందు వాటికి నకలు తీయండి. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి.