తూము దగ్గర ఎవరున్నారు?

మా కరవు సీమలో ఊళ్ళ పేర్లు విని కొత్తవాడు మోసపోతాడు. కొత్తచెరువు, బుక్కరాయసముద్రం. పేర్లలో ఉన్నన్ని నీళ్ళు నేలమీద ఉంటే మా వాళ్ళు ఇన్నేళ్ళుగా వేరుశనగ చేలల్లో నిలబడి మబ్బులకేసి చూసే పని ఉండేది కాదు. చెరువు నిండి మరవ పారిన సంవత్సరాన్ని ఇంట్లో పెళ్ళి జరిగిన సంవత్సరంలాగా గుర్తుపెట్టుకుంటారు ఇక్కడ.

చెరువు ఉన్నచోట తూము ఉంటుంది. తూము ఉన్నచోట ఒకప్పుడు నీరుగంటి ఉండేవాడు. ఏ మడికి ఎంతసేపు నీరు వదలాలో, ఎవరి పైరు ఎండుతున్నదో, ఎవరు అర్ధరాత్రి కాలువగట్టు తెంచి తమ మడికి మళ్ళించుకున్నారో అన్నీ అతనికి తెలుసు. ఆయకట్టులోని ప్రతి రైతు గుట్టూ అతని కంటబడేది. అయినా అతణ్ణి చూసి ఎవరూ జంకలేదు. అతడు ఊరివాడు, కోతలయ్యాక కళ్ళంలో రైతులు కొలిచి ఇచ్చే గింజలే అతని జీతం. నీరుగంటిని నేను ఆకాశానికెత్తడం లేదు. పెద్దరైతు మడికి ముందు, పేదవాని మడికి వెనుక నీళ్ళు పారించినవాళ్ళూ ఉండే ఉంటారు. కాని అడగదలచుకుంటే ఎదురుగా ఒక మనిషి ఉండేవాడు. రచ్చబండ దగ్గర నిలబెట్టి అడగవచ్చు.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది నీళ్ళ సంగతి కాదు. మా ఇంటి గోడకు వేలాడుతున్న రౌటరు సంగతి.

రెండేళ్ళ క్రితం మా నాయన ఫోనుకు ఒక సందేశం వచ్చింది. కరెంటు బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కనెక్షను తీసేస్తాము, ఫలానా లంకె నొక్కండి అని. నాయన నొక్కబోయి, ఎందుకో అనుమానం వచ్చి బెంగళూరులో ఉన్న నాకు ఫోను చేశాడు. ఆ వారాంతంలోనే ఊరికి వెళ్ళి కొత్త రౌటరు పెట్టి వచ్చాను. మోసపు లంకెలను గుమ్మం దగ్గరే ఆపే "భద్రతా సేవ" ఒకటి అందులో ఉన్నదని పెట్టెమీద రాసి ఉంది. ఆ సేవను నడిపేది రౌటరు తయారుచేసిన సంస్థ కాదు, ఇంకొకటి. తెరమీద ఒక పొడవాటి ఇంగ్లీషు ఒప్పందం వచ్చింది. అందరిలాగే నేనూ చదవకుండా కిందికి జరిపి "ఒప్పుకుంటున్నాను" అన్న మీట నొక్కాను. ఇంట్లోని ఫోనులకు నేనే పేర్లు పెట్టాను: నాయన ఫోను, అమ్మ ఫోను, మరదలి ఫోను, పిల్లవాని ట్యాబు.

వారం వారం నా ఫోనుకు నివేదిక రావడం మొదలయింది. ఎన్ని ప్రమాదాలను ఆపామో లెక్క. దానికింద, నేను అడగకపోయినా, ఏ ఫోను ఏ వేళప్పుడు ఏ జాలస్థలికి వెళ్ళిందో జాబితా. మొదటి మూడు వారాలూ నేను ఆ జాబితా చూడలేదు. నాలుగో వారం చూశాను. "నాయన ఫోను" వరుసగా నాలుగు రాత్రులు, రెండు గంటల వేళ, బంగారం తాకట్టు పెట్టుకునే ఒక కంపెనీ జాలస్థలిలో ఉంది. పక్కన ఆ సేవ తానే ఒక ముద్ర వేసింది: "ఆర్థికం, రుణాలు" అని.

అమ్మ మెడలో గొలుసు లేదన్న సంగతి అప్పుడు తట్టింది నాకు. ఆ వారాంతం రెండు రోజులు ఆ మనిషి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను, గమనించలేదు.

ఫోను చేసి, చూశానని నాయనకు చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కోపం లేకుండానే అడిగాడు: "సరేలేరా, నువ్వు చూసినావు. ఇంకెవరు చూసినారు?"

ఆ ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. వెదికితే దొరికినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా దాని పనితీరు. ఇవాళ దాదాపు అన్ని జాలస్థలులూ తాళం వేసిన మార్గంలోనే నడుస్తాయి కనుక మనం చదివే విషయం దారిలో ఉన్నవాళ్ళకు కనబడదు. కవరు లోపలి ఉత్తరం కనబడదన్నమాట. కాని కవరుమీది చిరునామా మామూలుగా కనబడుతూనే ఉంటుంది. ఫలానా జాలస్థలి ఎక్కడుందని మన యంత్రం అడిగే ప్రశ్నా, సంబంధం మొదలయ్యేటప్పుడు పంపే పేరూ, రెండూ రౌటరు గుండానే పోతాయి. భద్రతా సేవ చేసేది ఆ పేరును తీసుకుని, ఎక్కడో ఉన్న తన యంత్రాన్ని "ఇది మంచిదా, చెడ్డదా" అని అడగడం. అంటే మంచి పేర్లు కూడా బయటికి పోవాలి. దొంగను పట్టడానికి ఊళ్ళోకి వచ్చేపోయే ప్రతివాని పేరూ పొరుగూరికి రాసి పంపడం వంటిది.

ఇంకో దారి లేదా అంటే ఉంది. గూగుల్ వారి సేఫ్ బ్రౌజింగ్ పద్ధతిలో ఒకదాని ప్రకారం చెడ్డ చిరునామాల జాబితాను సంకేత రూపంలో మన యంత్రంలోనే దాచుకుని అక్కడే పోల్చి చూడవచ్చు. అనుమానం తగిలినప్పుడు మాత్రం సంకేతంలో చిన్న ముక్కను బయటికి పంపి అడుగుతుంది. గూగుల్‌ను గోప్యతకు ఆదర్శంగా చూపవలసి రావడం విచిత్రమే, కాని సంగతి అది. కనుక "పంపక తప్పదు" అన్న మాటను నేను ఒప్పుకోను. పంపడం సులువు, అంతే.

మా ఇంటి పెట్టె పేరు చెప్పను, అక్కర్లేదు. ఈ ఏర్పాటు చాలా సంస్థలలో ఉన్నదే. ఉదాహరణకు, మాది కాని ఆసుస్ రౌటర్లలో ఏఐప్రొటెక్షన్ అనే సదుపాయం ఉంది. దాని వెనుక ఉన్నది ట్రెండ్ మైక్రో అనే మరొక సంస్థ. దాన్ని వాడాలంటే వారి ఒప్పందానికి సమ్మతించాలి. సమ్మతిని వెనక్కు తీసుకునే మీట కూడా పెట్టారు, అది మెచ్చుకోవలసినదే. అయితే భద్రత పేరు చెప్పినంతలో భద్రత వచ్చేయదనడానికి కూడా ఆసుస్ కథే పనికివస్తుంది. రౌటరుకు తగిలించిన డిస్కులలోని దస్త్రాలను ఎక్కడినుంచైనా చూసుకునే వారి సదుపాయంలో లోపాలుండి, 2014 ఫిబ్రవరిలో 12,900 మందికి పైగా వాడుకరుల డిస్కులలోకి చొరబాటుదార్లు ప్రవేశించారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కుదుర్చుకున్న రాజీలో 20 ఏళ్ళపాటు బయటివారిచేత తనిఖీలు చేయించుకోవాలన్న షరతు పెట్టింది.

మన దగ్గరి ముచ్చట చూద్దాం. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామరు ఒకరు, మనలాగే బ్లాగరి కూడా, ఎయిర్‌టెల్ 3జీ మీద తన సొంత జాలస్థలి తెరిచి చూసుకుంటే తాను రాయని కోడు అందులో కనబడింది. వాడుకరి ఎంత డేటా ఖర్చుపెడుతున్నాడో తెలియజేయడానికే అది అని సంస్థ సంజాయిషీ. ఆయన ఆ కోడును గిట్‌హబ్‌లో అందరికీ చూపగానే నోటీసు వచ్చింది. ఎయిర్‌టెల్ నుంచి కాదు! ఫ్లాష్ నెట్‌వర్క్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీ నుంచి. డబ్బు కట్టేవాడికి ఎయిర్‌టెల్ ఒక్కటే తెలుసు. మధ్యలో ఆ పేరుగలవాడు ఉన్నాడని నోటీసు వచ్చేదాకా తెలియదు. రౌటరు కథ కాకపోయినా, నాయన ప్రశ్నకు అన్నిటికంటే దగ్గరగా వచ్చే ఉదంతం నాకు ఇదే.

2017 జూలైలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు మోడెములకు పట్టిన జాడ్యం ఇంకో రకం. ఫ్యాక్టరీలో పెట్టిన సంకేతపదం మార్చని మోడెములను ఒక క్రిమి పట్టి పీడించింది. కర్ణాటకలో దెబ్బ గట్టిగా తగిలింది. సంకేతపదం మార్చుకోండని సంస్థ వాడుకరులకు చెప్పింది. 2005లో డేటావన్ వచ్చినప్పుడు, రాత్రి రెండునుంచి పొద్దున ఎనిమిదిదాకా ఉచితమని అలారం పెట్టుకుని లేచి కూర్చున్న మనలో ఎంతమందిమి ఆ మోడెము సంకేతపదం మార్చాం? నేను మార్చలేదు. అప్పట్లో లేఖినిలో టైపు చేయడం, కూడలిలో మన టపా కనబడిందా లేదా చూసుకోవడం, ఇదే లోకం.

మన రాష్ట్రంలో ప్రభుత్వమే ఇంటింటికీ పెట్టె పెట్టింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ఫైబర్‌నెట్ జాతికి అంకితమయింది. కరెంటు స్తంభాలమీదుగా తీగ లాగి, నెలకు 149 రూపాయలకే నెట్టు, ఫోను, టీవీ ఇస్తామన్నారు. ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. వేరుశనగ ధర, వాన కబురు, పిల్లల పాఠం మావంటి ఊళ్ళకు చవకగా రావాలి. వాడుకరుల వివరాలు బయటికి పోయాయనీ అనడం లేదు. అడుగుతున్నది ఒక్కటే. పెట్టె ఒకరిది, ఇంటిదాకా వచ్చే చివరి తీగ కేబులు ఆపరేటరుది, పెట్టెను దూరంనుంచి సరిచేసే అధికారం మరొకరిది అయినప్పుడు, ఆ పేర్లన్నీ వాడుకరికి తెలుగులో రాసి ఇవ్వాలా వద్దా? దూరంనుంచి రౌటర్లను సరిచేయడానికి 2004 నుంచీ టీఆర్-069 అనే ప్రమాణం ఉంది. దానికోసం తెరిచి ఉంచిన ద్వారం మీదే 2016 నవంబరులో దాడి జరిగి, జర్మనీలో డాయిష్ టెలికాం వాడుకరులు దాదాపు 9 లక్షల మందికి నెట్టు ఆగిపోయింది. సరిచేయడానికి పెట్టిన తలుపు పాడుచేయడానికీ తలుపే.

ఒక మిత్రుడు నాతో వాదించాడు. "నెట్టు ఇచ్చేవాడు ఎలాగూ చూస్తాడు, ప్రభుత్వం ఎలాగూ చూస్తుంది, వీడొకడు చూస్తే పోయేదేమిటి?" అని. 2021 డిసెంబరునుంచి సంబంధాల చిట్టాను కనీసం రెండేళ్ళు దాచాలని లైసెన్సు షరతులలో చేర్చిన మాట నిజమే. అది నాకు నచ్చదు. అయినా అక్కడ ఒక లైసెన్సు ఉంది, దాన్ని ఇచ్చిన శాఖ ఉంది, కోర్టుకెక్కడానికి ప్రతివాది పేరు ఉంది. మూడో సంస్థ విషయంలో నా చేతిలో ఉన్నది నేను చదవని ఒప్పందం. ఇద్దరు చూస్తున్నారు కనుక మూడోవాణ్ణీ పిలుద్దామనడం నాకు తర్కంగా తోచలేదు.

చట్టం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా చెప్పింది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు ప్రకటించి, ముఖ్యమైన విధుల అమలుకు 18 నెలల గడువిచ్చారు. సమ్మతి అడిగే పత్రాన్ని ఎనిమిదో షెడ్యూలులోని భాషలలో కూడా చదువుకునే వీలు ఉండాలన్నది అందులో నాకు నచ్చిన మాట. మన తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నదే. కాని సమ్మతి ఎవరిది? మీట నొక్కింది నేను. రాత్రి రెండింటికి ఫోను చూసింది నాయన. మరదలు, పిల్లవాడు, సంక్రాంతికి వచ్చి నెట్టు వాడుకున్న చుట్టాలు, వీళ్ళెవరినీ ఎవరూ అడగలేదు. ఒక్కని వేలిముద్రతో ఇంటిల్లిపాదికీ రాజీనామా రాయించుకున్నట్టు. పైగా ఒక మనిషి సొంత, గృహ అవసరాలకు చేసే పనికి ఆ చట్టం వర్తించదు. అంటే నేను నాయన జాబితా చూడడం చట్టం దృష్టిలో తప్పు కాదు.

నా దృష్టిలో తప్పే. ఇంతసేపూ కంపెనీలను నిలదీశాను కాని, నాయన గుట్టును మొదట చూసిన పరాయి కన్ను నాది. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత మనది. గోప్యత అన్న మాట కొత్తది కావచ్చు, గుట్టు కొత్తది కాదు. అప్పు ఉన్నదని కొడుకుకు చెప్పాలా, ఎప్పుడు చెప్పాలి, ఏ మాటలతో చెప్పాలి అన్నది ఆయన చేతిలో ఉండవలసిన విషయం. మగ్గం మీద చీర పూర్తికాకముందే పడుగు తెంచుకుపోయినట్టు చేశాను. గొలుసు తరువాత విడిపించాం. ఆ నాలుగు రాత్రులను మాత్రం ఆయనకు తిరిగి ఇవ్వలేను.

ఉగాదికి వెళ్ళినప్పుడు ఆ సేవను ఆపేశాను, సమ్మతిని వెనక్కు తీసుకున్నాను, దూరంనుంచి రౌటరులోకి వెళ్ళే దారిని మూశాను. పాత నివేదికలు చెరిపివేయమని సంస్థకు రాశాను. "మీ అభ్యర్థన అందినది" అని జవాబు వచ్చింది, అంతవరకే. వీలైతే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ఎక్కించాలని ఉంది. లింక్‌సిస్ తన రౌటరు కోడును 2003లో బయటపెట్టాక పుట్టిన స్వేచ్ఛా సాఫ్టువేరు అది. మా పెట్టెకు అది సరిపడుతుందో లేదో ఇంకా చూడాలి. మోసపు సందేశాలకు మందుగా, లంకె నొక్కేముందు నాకో, మా తమ్ముడికో ఫోను చేయమని నాయనకు చెప్పాను. మొదటిసారి ఆయన చేసింది అదే కదా.

చదవకుండా ఒప్పుకున్న ఆ ఒప్పందాన్ని ఇప్పుడు తీరికగా తెలుగులోకి తెస్తున్నాను, ముందు నాయనకు చదివి వినిపించడానికి. మూడో భాగం దగ్గర ఆగిపోయాను. "థర్డ్ పార్టీ" అన్న మాటకు "తృతీయ పక్షం" అని రాస్తే నాయనకు అది పంచాయితీ ఎన్నికల మాటలా వినిపించింది. ప్రస్తుతానికి "పరాయివాడు" అని పెట్టాను. ఇంతకంటే మంచి మాట ఉంటే మిత్రులు చెప్పగలరు.