లేజర్‌కు ముందు డాక్టరు

చండ్రుగొండలో ఏ డిగ్రీ కుర్రాడైనా లేజర్‌తో అద్దాలు తీయించుకుంటానంటే చాలామంది ఇచ్చే సలహా ఒకటే: కొత్తగూడెంలో చిన్న డాక్టరు దగ్గరికెందుకు, హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రికి పో, కొత్త మిషన్లుంటాయి. లేజర్ పనంతా మిషనే చేస్తుందని, మిషను ఎంత ఖరీదైతే కంటికి అంత భద్రమని దీని వెనక నమ్మకం. అది పొరపాటే కాదు, ప్రమాదం కూడా.

లాసిక్ అనే ఈ లేజర్ ఆపరేషన్‌లో కంటి ముందుండే పారదర్శక భాగమైన కార్నియా పై పొరను పలచగా లేపి, కింది భాగాన్ని లేజర్‌తో చెక్కుతారు. కార్నియా మందమే అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. చెక్కింది మళ్లీ పెరగదు. అందుకే అసలు పనంతా ముందే ఉంది. మందం సరిపోతుందా? కార్నియా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఛాయలున్నాయా? పవర్ కనీసం ఏడాదిగా మారకుండా ఉందా? కన్ను పొడిబారుతోందా? కొలతలు మిషను తీస్తుంది. వాటిని చూసి "నీకు లేజర్ వద్దు బాబూ" అనాల్సింది డాక్టరు. ఇంటర్ నుంచి అద్దాలు రాస్తున్న డాక్టరుకు ఆ కుర్రాడి పవర్ ఏటా ఎలా పెరిగిందో తెలుసు. ఆఫర్ చూసి తొలిసారి వెళ్లిన చోట అది ఎవరికీ తెలియదు.

ఇంకో ప్రశ్నా ఉంది: ఏ ఉద్యోగానికి చదువుతున్నావు? రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు లాసిక్ చేయించుకున్నవాళ్లు అనర్హులు. నెలకిన్ని ఆపరేషన్లని టార్గెట్ పెట్టిన చోట ఈ ప్రశ్న అడిగేదెవరు?

చిన్న డాక్టరు కోట్లు పెట్టి లేజర్ కొనలేడంటారు. నిజమే. కానీ నలుగురైదుగురు డాక్టర్లు ఒకే లేజర్ సెంటర్‌ను వాడుకోవచ్చు. పేషెంట్‌ను పంపి కమీషన్ తీసుకోవడం మాత్రం భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం తప్పు. అలా తీసుకునే చిన్న డాక్టరునూ నేను వెనకేసుకురాను. పెద్ద సంస్థలన్నీ చెడ్డవనీ అనను. 1987లో హైదరాబాద్‌లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర సంస్థ పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి, కంటి వైద్యాన్ని ఊరి దాకా తెచ్చింది. నా తగాదా బ్రాంచీల సంఖ్యనే నాణ్యతగా చూపే వ్యాపారంతో.

ఆ సంఖ్య శాశ్వతం కూడా కాదు. వందకు పైగా బ్రాంచీలతో వెలిగిన వాసన్ ఐ కేర్ అప్పుల్లో మునిగి దివాలా ప్రక్రియకు వెళ్లింది. 2023లో మరో సంస్థ చేతికి వెళ్లింది. ఇది పేషెంట్‌కూ పట్టే విషయమే. లాసిక్ చేయించుకున్నవాళ్లకు అరవై ఏళ్లప్పుడు శుక్లాలొస్తే, లోపల పెట్టే లెన్స్ పవర్ లెక్క తేలిగ్గా కుదరదు. ఆపరేషన్‌కు ముందటి కొలతలుంటే ఆ లెక్కకు ఎంతో సాయం. అప్పటికి ఆ కాగితాలు ఎవరి దగ్గరుంటాయి?

కాబట్టి అడగాల్సినవి మూడు. పరీక్షించిన డాక్టరే ఆపరేషన్ చేస్తాడా? తేడా వస్తే ఎవరి దగ్గరికి రావాలి? కొలతల కాగితాలన్నీ నా చేతికిస్తారా? వీటికి తిన్నగా జవాబిచ్చే డాక్టరు కొత్తగూడెంలో ఉంటే అక్కడే, హైదరాబాద్‌లో ఉంటే అక్కడే చేయించుకోండి. జవాబు రాని చోట, మిషను ఎంత కొత్తదైనా, కన్ను అప్పగించకండి.