రంగూను బాటకు తెర కరవా?

మన అల్లూరిలో నలుగురు చేరినచోట సినిమా ప్రసంగము రాకుండుట లేదు. ఏ చిత్రమెన్ని కోట్లు గడించెనో బడిపిల్లవాడు సైతము చెప్పగలడు. ఏ కథ తెరకెక్కవలసియుండెనని యడుగువారు మాత్రము అరుదు. ఆ ప్రశ్న మేమడుగుచున్నాము.

2015లో జాగర్లమూడి క్రిష్‌గారు ‘కంచె’ చిత్రమున రెండవ ప్రపంచసంగ్రామమును తెలుగు తెరపై నిలిపిరి. ఆ సాహసము కొనియాడదగినది. ఉత్తమ తెలుగు చిత్రముగ దానికి జాతీయ పురస్కారము లభించుటయు న్యాయమే. అయితే ఇటలీ యుద్ధరంగమువరకు పోయిన మన కథకులకు, అల్లూరికి తూర్పున ఘోషించు ఈ సముద్రపు టావలియొడ్డున నున్న రంగూను ఆనకుండుటకు కారణమేమి?

1931 లెక్కలనాటికి బర్మాలో పదిలక్షలకు పైగా భారతీయులుండిరి. అందు తెలుగువారు లక్షన్నరకు మించిరి. కాకినాడ, భీమునిపట్టణము, విశాఖపట్టణములలో ఓడయెక్కి పోయిన కూలీలే వారిలో పెక్కురు. రేవులో బస్తాలు మోసినది వారు. బియ్యపుమిల్లులలో చెమటోడ్చినది వారు. రిక్షాలు లాగినది వారు. కోరంగి రేవు పేరిట బర్మావారు వారిని ‘కోరంగీ’లనిరి, ఆ పిలుపులో మన్ననకంటె ఈసడింపే హెచ్చు. 1930 మే నెలలో మన రేవుకూలీలు హెచ్చుకూలికై సమ్మె కట్టగా, యజమానులు బర్మావారిని పనికి దించి, సమ్మె తీరగనే వారిని వెళ్లగొట్టిరి. పేదవాడు పేదవానిపై కత్తి దూసెను. రంగూను వీధులలో తెలుగువాని నెత్తురు పారెను. లాభము మాత్రము యజమానులది!

1941 డిసెంబరు 23న రంగూనుపై జపాను బాంబులు పడెను. 1942 మార్చి 8న నగరము వారి వశమయ్యెను. లక్షలాది భారతీయులు మూటముల్లె నెత్తికెత్తుకొని, కొందరు టాంగప్ కనుమ దాటి అరకాను తీరమునకు, కొందరు టమూ మీదుగా మణిపురమునకు కాలినడకను సాగిరి. కలరా, చలిజ్వరము, ఆకలి వేలమందిని త్రోవలోనే పొట్టబెట్టుకొనెను. తెల్లవారికొక బాట, నల్లవారికొక బాటయన్న నింద ఊరక పుట్టలేదు. ఆ యేడు అలహాబాదున గూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘమే ఆ పక్షపాతమును గర్హించెను.

దుఃఖమును డబ్బిచ్చి యెవరు చూతురని నిర్మాతలందురేమో! 1952లో తమిళులు ‘పరాశక్తి’ని తీసిరి. రంగూనులో స్థిరపడిన యన్నదమ్ములు యుద్ధపు తాకిడికి చెదరి స్వదేశము చేరుటయే ఆ కథకు పునాది. శివాజీ గణేశన్‌కది తొలిచిత్రము. జనము విరగబడి చూచిరి. తమిళునికి బోధపడినది మనకేల బోధపడదు? 1938లో ‘మాలపిల్ల’ను, మరుసటియేట జమీందారులు కన్నెఱ్ఱజేసిన ‘రైతుబిడ్డ’ను తీసిన గూడవల్లి రామబ్రహ్మముగారు తెలుగువారు కారా? రాజుల రథములకు, కిరీటములకు పోయు ధనములో పదియవవంతు దీనికి చాలదా?

ఈ కథలో అసలు వేదన వేఱొకటి. రంగూనులో నున్నన్నాళ్లు కూలీమనసు తన యూరి చెఱువుగట్టుమీదనే యుండెను. అక్కడ పుట్టిపెరిగిన బిడ్డలో, ఇక్కడికి వచ్చి రంగూనునే కలవరించిరి. 1964లో నెవిన్ ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా మరల లక్షలమంది కట్టుబట్టలతో తరలివచ్చిరి. విశాఖలో కంచరపాలెముచెంత బర్మాక్యాంపు నేటికిని కలదు. వీరికేది స్వదేశము, ఏది పరదేశము? దేశభక్తిని గూర్చి ఇన్ని ఉపన్యాసములిచ్చు మనమే ఈ ప్రశ్నకు జంకినచో ఎట్లు?

1942లో తల్లిచంకనెక్కి ఆ యడవి దాటినవారు నేడు ఎనుబదియేండ్లు మించిన వృద్ధులు. నిర్మాతలు కథలకై పరదేశపు చిత్రములను తిరుగవేయుట మాని, ముందు విశాఖ రైలెక్కుదురుగాక!